టమాటలో వర్కీ జన్యువులు 81 అంటారు, నాకు 140 దాటాయి. ఎక్కడ తప్పింది?

మొలకధాన్యం (సోమవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఇవాళ రాయక తప్పట్లేదు. ఎమ్మెస్సీ బయోటెక్ ఆఖరి సెమిస్టర్. నా ప్రాజెక్టు టమాట జీనోమ్‌లో వర్కీ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల (వేరే జన్యువుల్ని నడిపించే ప్రోటీన్ల) కుటుంబాన్ని గుర్తించడం. "ల్యాబ్‌లో చెయ్యి తడవని పని, నెల చాలు" అన్నారు మా గైడ్ సార్. మూడు వారాలు గడిచాయి.

చేసింది ఇదీ. ఎన్‌సీబీఐ (అమెరికా వాళ్ల జన్యు సమాచార నిధి) నుంచి టమాట ప్రోటీన్ల ఫైలు దించుకున్నా. ప్రోటీన్ కుటుంబాల డేటాబేస్ పీఫామ్ నుంచి వర్కీ డొమైన్ (ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే ప్రోటీన్ భాగం) మోడల్ (పీఎఫ్03106) తీసుకున్నా. పీఫామ్ సైట్ 2023లో మూసేశారట, ఇంటర్‌ప్రోలో వెతికితే దొరికింది, అదో పూట. హమ్మర్ సాఫ్ట్‌వేర్‌లో హెచ్ఎంఎంసెర్చ్ అనే వెతికే ప్రోగ్రామ్ నడిపా, ఈ-వాల్యూ (కాకతాళీయంగా ఎన్ని దొరకొచ్చో చెప్పే అంకె) 1ఈ-5 పెట్టా. వచ్చిన పట్టికను ఎక్సెల్‌లో వేసుకుని వరుసలు లెక్కపెడితే 140 దాటాయి. 2012లో వచ్చిన పేపర్‌లో టమాటకు 81 అని స్పష్టంగా ఉంది.

హాస్టల్లో మా సీనియర్ "అరవై కొత్త జన్యువులు కనిపెట్టేశావా, స్వీట్లు ఎప్పుడు?" అంటున్నాడు. ఎల్లుండి సార్‌కి చూపించాలి. టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

కమాండ్‌లైన్ కిట్టు (సోమవారం, రాత్రి 10:05)

కంగారు పడకు చెల్లీ. రెండే ప్రశ్నలు.

హమ్మర్ రెండు రకాల పట్టికలు ఇస్తుంది. ఒకటి ప్రోటీన్ల పట్టిక, ఇంకోటి డొమైన్ల పట్టిక. నువ్వు ఎందులో వరుసలు లెక్కపెట్టావు?

ఆ ఫైల్లో ఎక్స్‌పీ అని మొదలయ్యే నంబర్ల పక్కన "ఐసోఫామ్ ఎక్స్1", "ఐసోఫామ్ ఎక్స్2" అని కనబడుతున్నాయా?

మొలకధాన్యం (సోమవారం, రాత్రి 10:11)

డొమైన్ల పట్టికే అన్నా. ఐసోఫామ్‌లు బోలెడు ఉన్నాయి. ఒక్కో పేరుతో మూడు నాలుగు కూడా. అవి వేరువేరు జన్యువులు కావా?

కమాండ్‌లైన్ కిట్టు (సోమవారం, రాత్రి 10:34)

కావు. నీ అరవై "కొత్త జన్యువుల్లో" చాలావరకు అక్కడే పోతాయి, స్వీట్లు తప్పించుకున్నావు.

ఒకే జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ రెండు మూడు రకాలుగా కత్తిరించుకుని అతుక్కుంటుంది. ఒక్కో రకానికీ ఒక ప్రోటీన్ వరుసను ఎన్‌సీబీఐ విడిగా రాసి పెడుతుంది. ఓటర్ల జాబితాలో ఒకే మనిషి పేరు మూడు చోట్ల ఉన్నట్టు. కాబట్టి ముందు ప్రతి జన్యువుకీ ఒక్క ప్రోటీనే, మామూలుగా అన్నిటికంటే పొడవైనది, ఉంచుకుని మిగతావి తీసెయ్. ఏ ప్రోటీన్ ఏ జన్యువుదో జీఎఫ్‌ఎఫ్ ఫైల్లో ఉంటుంది. పేర్లు చూసి చేత్తో తీసెయ్యకు, ఒకే వివరణ ఉన్న రెండు నిజమైన జన్యువులు కూడా ఎగిరిపోతాయి. నేను ఆ పని చేసి తిట్లు తిన్నవాణ్ని.

రెండోది ఇంకా సరదా. వర్కీలను మూడు గ్రూపులు చేస్తారు, అందులో మొదటి గ్రూపు ప్రోటీన్లకు వర్కీ డొమైన్ ఒకటి కాదు, రెండు ఉంటాయి. డొమైన్ల పట్టికలో ఒక్కో డొమైన్‌కూ ఒక్కో వరుస. అంటే మొదటి గ్రూపు మొత్తాన్నీ రెండేసి సార్లు లెక్కపెట్టావు.

ఈ రెండూ సరిచేసి మళ్లీ లెక్క చెప్పు. ఇంకో మాట, అందరికీ ఒకే ఈ-వాల్యూ కట్టే బదులు కట్-జీఏ అనే ఆప్షన్ పెట్టు. ఈ-వాల్యూ నువ్వు వెతికే ఫైలు సైజును బట్టి మారిపోతుంది. కట్-జీఏ పెడితే ఆ మోడల్ తయారుచేసినవాళ్లే దానికోసం నిర్ణయించిన స్కోరు వాడుతుంది.

సందేహాల సుబ్బు (సోమవారం, రాత్రి 11:02)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, బీఎస్సీ రెండో సంవత్సరం. వర్కీ అంటే ఏంటండీ? మనిషి పేరులా ఉంది. "కుటుంబం" అని దేన్ని బట్టి అంటారు?

పాతనోటుబుక్కు (మంగళవారం, ఉదయం 6:15)

సుబ్బు గారూ, మంచి ప్రశ్న. పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రం మాస్టారిని, పొద్దున్నే లేచే అలవాటు, నేను చెబుతాను.

ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటే డీఎన్‌ఏ మీద ఒక నిర్దిష్టమైన చోట కూర్చుని పక్కనున్న జన్యువును పని చెయ్యమనో ఆగమనో చెప్పే ప్రోటీన్. డీఎన్‌ఏను పట్టుకోవడానికి దానికి ఒక చెయ్యి కావాలి. ఆ భాగాన్నే డొమైన్ అంటాం. ఒకే రకం చెయ్యి ఉన్నవాటినన్నిటినీ ఒక కుటుంబంగా లెక్కిస్తాం. మిగతా ఒళ్లంతా వేరుగా ఉండవచ్చు, ఆ డొమైనే వాటి ఇంటిపేరు.

ఈ కుటుంబం ఇంటిపేరు ఎలా వచ్చిందంటే, ప్రోటీన్లో అమైనో ఆమ్లాలను ఒక్కో అక్షరంతో రాస్తాం కదా. ట్రిప్టోఫాన్ డబ్ల్యూ, ఆర్జినీన్ ఆర్, లైసీన్ కే, టైరోసిన్ వై. ఈ నాలుగూ వరుసగా వచ్చి, వెంట జీ, క్యూ, కే వస్తాయి. ఏడక్షరాల ఈ ముక్క దాదాపు అందరిలోనూ చెక్కుచెదరకుండా ఉంటుంది. మొదటి నాలుగక్షరాలూ కలిపి చదివితే వర్కీ. డొమైన్ మొత్తం సుమారు 60 అమైనో ఆమ్లాలు. ఏడక్షరాల ముక్క తర్వాత జింక్ అయాన్‌ను పట్టుకునే వేలు లాంటి భాగం ఉంటుంది. ఇది డీఎన్‌ఏలో టీటీజీఏసీ అనే వరుసను వెతుక్కుని అంటుకుంటుంది. ఆ చోటును డబ్ల్యూ-బాక్స్ అంటారు. తెగుళ్లను తట్టుకోవడానికి పనికొచ్చే చాలా జన్యువుల ముందు ఆ బాక్స్ ఉంటుంది.

మీకు నచ్చే సంగతి ఒకటి. ఈ కుటుంబంలో మొట్టమొదట దొరికిన సభ్యుడు 1994లో మన చిలగడదుంపలోంచే వచ్చాడు. దుంపలో నిల్వ ఉండే ప్రోటీన్ జన్యువు ముందు ఏది కూర్చుంటోందో వెతుకుతుంటే చిక్కింది. వర్కీ అన్న పేరు మాత్రం 1996లో, పార్స్లీ మొక్క మీద పని చేసినవారు పెట్టింది.

మొలకధాన్యం అమ్మాయీ, కిట్టు చెప్పినట్టు చెయ్యండి. కాకపోతే 81 రావాలన్న పట్టుదల మాత్రం పెట్టుకోకండి.

మొలకధాన్యం (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

కిట్టు అన్నా, మాస్టారూ, చాలా థాంక్స్. రెండూ సరిచేశాక లెక్క ఎనభైల్లోకి దిగింది! కానీ 81 మాత్రం కాదు, నాలుగైదు ఎక్కువే. సార్ 81 అని బల్లగుద్ది చెప్పారు. ఇప్పుడు ఈ నాలుగైదింటినీ ఏం చెయ్యాలి? ఈ-వాల్యూ ఇంకా బిగిస్తే సరిగ్గా 81కి వచ్చేలా ఉంది, అలా చేసెయ్యనా?

ఆవకాయ ఇన్ అయోవా (మంగళవారం, రాత్రి 7:48)

అయ్యో తల్లీ, ఆ పని మాత్రం చెయ్యకు! జవాబు ముందే చూసుకుని లెక్క చెయ్యడం అది. ఇక్కడ మాకిది పొద్దున, కాఫీ పక్కన పెట్టి మరీ రాస్తున్నా.

81 తప్పని కాదు. 2012లో ఉన్న జన్యువుల జాబితాతో అది సరైన లెక్కే. టమాట జీనోమ్ మొదటిసారి వచ్చింది ఆ ఏడాదే, హైంజ్ 1706 అనే రకం నుంచి. అప్పుడు ప్రోటీన్ తయారుచేసే జన్యువులు 34,727 అన్నారు. తర్వాత జీనోమ్‌ను మళ్లీ కూర్చారు, జన్యువుల హద్దులు మళ్లీ గీశారు. ఐట్యాగ్ 4.0 అనే టమాట జన్యువుల జాబితాలో 34,075 ఉన్నాయి. కొన్ని కలిశాయి, కొన్ని విడిపోయాయి, కొన్నిటిని జన్యువులే కాదని తీసేశారు. పైగా నువ్వు వాడింది ఎన్‌సీబీఐ వాళ్ల సొంత జాబితా, అది ఇంకోటి. జాబితా మారితే లెక్క మారదా?

నమ్మకం లేకపోతే బీహెచ్ఎల్హెచ్ అనే ఇంకో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కుటుంబం చూడు. టమాటలోనే, 2015లోనే, రెండు పేపర్లు వచ్చాయి. ఒకదాంట్లో 159, ఇంకోదాంట్లో 152. రెండూ అచ్చయ్యాయి, ఎవరూ ఎవరినీ కొట్టుకోలేదు.

కాబట్టి సార్ ముందు "ఎన్ని" అన్నదానికంటే "ఏ జాబితా, ఏ వెర్షన్, ఏ స్కోరు, దేన్ని ఎందుకు ఉంచాను, దేన్ని ఎందుకు తీశాను" అని ఒక పట్టిక పెట్టు. ఐట్యాగ్ ప్రోటీన్లు సోల్ జీనోమిక్స్ నెట్‌వర్క్ సైట్లో దొరుకుతాయి, దానిమీద కూడా ఒకసారి నడిపి పోల్చు. పేపర్లలో ఎస్ఎల్‌వర్కీ నంబర్లు ఒక్కొక్కరు ఒక్కోలా పెట్టుకుంటారు, వాటితో పోల్చబోయి మోసపోకు. సోలిక్ నంబర్లతోనే పోల్చు.

మొలకధాన్యం (మంగళవారం, రాత్రి 8:30)

అక్కా, సోలిక్ నంబర్ అంటే ఆ పొడుగ్గా ఉండేదేనా? దాన్ని చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

ఆవకాయ ఇన్ అయోవా (మంగళవారం, రాత్రి 8:41)

అదే. ఒకసారి అర్థమైతే మన ఇంటి చిరునామాలా ఉంటుంది. సోలిక్05జీ012020 తీసుకో. సోలిక్ అంటే టమాట శాస్త్రీయ నామం కుదించినది. 05 క్రోమోజోమ్. జీ అంటే జీన్. ఆ తర్వాతి ఆరంకెలు క్రోమోజోమ్ మీద వరుస క్రమం. మధ్యలో కొత్తది దొరికితే ఇరికించడానికి చోటుండాలని పదేసి అంకెలు వదిలి వేశారు, ఇళ్ల మధ్య ఖాళీ స్థలం వదిలినట్టు. చివర చుక్క పెట్టి వచ్చేవి వెర్షన్, ఐసోఫామ్. వరుస నంబర్లతో పక్కపక్కనే నాలుగు వర్కీలు కనబడ్డాయంటే ఒకే జన్యువు పక్కకు నకళ్లు వేసుకుందేమోనని అక్కడే అనుమానించొచ్చు.

నేను ఉదాహరణకు రాసిన నంబర్ వర్కీది కాదు, మ్యాడ్స్ అనే ఇంకో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కుటుంబంలోని రిన్ అనే జన్యువుది. దాని కథ పెద్దది.

పాతనోటుబుక్కు (బుధవారం, ఉదయం 6:02)

అయోవా అమ్మాయి 05 అనగానే ఒకటి గుర్తొచ్చింది. టమాటకు 12 క్రోమోజోములు. టమాట జీనోమ్ చదివే పని మొదలైనప్పుడు దేశాలు పంచుకున్నాయి. ఏడోది ఫ్రాన్స్, ఎనిమిదోది జపాన్, పన్నెండోది ఇటలీ. అయిదోది మనది. ఢిల్లీ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్, ఐసీఏఆర్ వారి మొక్కల బయోటెక్నాలజీ కేంద్రం, జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థ (ఎన్ఐపీజీఆర్) కలిసి చేశారు. రిన్ ఉన్నది ఆ అయిదో క్రోమోజోమ్ మీదే. ఆ రోజుల్లో మా క్లాసులో ఈ మాట చెబితే వెనక బెంచీ కూడా తలెత్తింది.

వట్టివేరు (బుధవారం, ఉదయం 11:17)

అందరూ ఏమనుకున్నా సరే, ఒక చేదు మాట. ఈ "ఫలానా పంటలో ఫలానా కుటుంబం గుర్తింపు" పేపర్లు ఇప్పటికి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. పంట పేరు మార్చు, కుటుంబం పేరు మార్చు, టీబీటూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో అవే రంగురంగుల బొమ్మలు: క్రోమోజోమ్ మీద గీతలు, ఒక వంశవృక్షం, ఒక మోటిఫ్‌ల (పదేపదే వచ్చే ముక్కల) బొమ్మ, ఒక హీట్‌మ్యాప్ (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో రంగుల్లో చూపే పట్టిక). చివర "ఈ జన్యువులు ఒత్తిడిని తట్టుకోవడంలో పాత్ర వహించవచ్చు". వహించవచ్చు అంటే ఏంటి? వహించకపోనూవచ్చు. కొన్ని జర్నల్స్ ప్రయోగం లేని ఇలాంటి పేపర్లు తీసుకోబోమని చెప్పేశాయి కూడా. ఎమ్మెస్సీ పిల్లలతో ఇంకా ఇవే చేయించడం ఎందుకు?

కమాండ్‌లైన్ కిట్టు (బుధవారం, ఉదయం 11:40)

వట్టివేరు గారూ, మీరు చెప్పింది సగం ఒప్పుకుంటా. కానీ పాపం ఆ అమ్మాయి జర్నల్‌కి పంపట్లేదు, పని నేర్చుకుంటోంది. బియ్యంలో రాళ్లు ఏరడం రానివాడికి వంట నేర్పలేం కదా.

వట్టివేరు (బుధవారం, ఉదయం 11:52)

రాళ్లు ఏరడం నేర్పితే నాకేం అభ్యంతరం లేదు. రాళ్లతో సహా వండి వడ్డిస్తున్నారనే నా బాధ. ఆ నాలుగైదు ఎక్కువ వచ్చినవి ఏమిటో ఒక్కొక్కటీ తెరిచి చూడమనండి ముందు.

ఆవకాయ ఇన్ అయోవా (బుధవారం, రాత్రి 8:10)

ఈసారి వట్టివేరు గారితో నేను. ఒక్కొక్కటీ తెరిచి చూడటమే అసలు పని. మొలకధాన్యం, ఎక్కడ చూడాలో చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు.

జన్యువుల హద్దుల్ని గీసేది ఎక్కువగా సాఫ్ట్‌వేరే. అది రెండు రకాలుగా తప్పు చేస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు జన్యువుల్ని కలిపి ఒకటి అంటుంది. లేదా ఒకే జన్యువును విరగ్గొట్టి రెండంటుంది.

వర్కీల్లో మొదటి తప్పు మహా మోసకారి. ఒక్కో డొమైన్ ఉన్న రెండు పక్కింటి జన్యువులు కలిసిపోతే, చూడటానికి రెండు డొమైన్లతో అచ్చం మొదటి గ్రూపు సభ్యుడిలా ఉంటుంది. పట్టుకోవడం ఎలా? నిజమైన మొదటి గ్రూపు ప్రోటీన్లో ముందు డొమైన్, వెనక డొమైన్ ఒకేలా ఉండవు. డీఎన్‌ఏను గట్టిగా పట్టుకునేది వెనకది. వంశవృక్షం గీస్తే ముందువన్నీ ఒక కొమ్మ మీద, వెనకవన్నీ ఇంకో కొమ్మ మీద కూర్చుంటాయి. పైగా మొదటి, రెండో గ్రూపుల జింక్ వేలిలో రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు (ఇవీ అమైనో ఆమ్లాలే) ఉంటాయి. మూడో గ్రూపులో చివరి హిస్టిడిన్ స్థానంలో సిస్టీన్ ఉంటుంది. నీ "మొదటి గ్రూపు" ప్రోటీన్లో రెండు డొమైన్లూ మూడో గ్రూపు పోలికలతో ఉన్నాయనుకో, అది ఒక మనిషి కాదు, ఒకే దుప్పటి కప్పుకున్న ఇద్దరు.

ఇంకో ఆనవాలు ఇంట్రాన్, అంటే జన్యువు మధ్యలో ఉండి ఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించి తీసేసే భాగం. వర్కీ డొమైన్ లోపలే ఒక ఇంట్రాన్ ఉంటుంది, చాలా పాతది. ఎక్కువ గ్రూపుల్లో ఏడక్షరాల ముక్కకీ జింక్ వేలికీ మధ్య ఒక ఆర్జినీన్ దగ్గర ఉంటుంది. రెండు-ఏ, రెండు-బీ ఉపగ్రూపుల్లో ఇంకాస్త అవతల, ఒక వాలీన్ దగ్గర. మొదటి గ్రూపు ముందు డొమైన్లో మాత్రం ఆ ఇంట్రాన్ ఉండదు. కాబట్టి రెండు డొమైన్లలోనూ ఇంట్రాన్ కనబడితే అనుమానించు.

రెండో తప్పుకు కారణం కూడా ఈ ఇంట్రానే. సాఫ్ట్‌వేర్ తర్వాతి ఎక్సాన్‌ను (ఇంట్రాన్లు తీసేశాక మిగిలే భాగాన్ని) వదిలేస్తే ఏడక్షరాలు ఉంటాయి, వేలు ఉండదు. స్కోరు పడిపోతుంది, నువ్వేమో "డొమైన్ అసంపూర్ణం" అని తీసేస్తావు. తీసేముందు జేబ్రౌజ్‌లో (జీనోమ్‌ను తెర మీద చూపే సాఫ్ట్‌వేర్) ఆ చోటు తెరిచి, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ రీడ్‌లు (చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) ఎక్కడినుంచి ఎక్కడికి దాటుతున్నాయో చూడు. పక్కన ఇంకో వెయ్యి అక్షరాల దూరంలో పోయిన వేలు దొరకొచ్చు.

ఇదంతా చేస్తే నీ నాలుగైదింటి కథ తేలుతుంది. 81 వచ్చినా సరే, రాకపోయినా సరే.

టమాటబుట్ట (గురువారం, ఉదయం 7:25)

మదనపల్లె పక్కన మాది. టమాట పెడతా. టమాట అని చూసి లోపలికొస్తే ఏం అర్థం కాలేదు, కానీ చదువుతుంటే బాగుంది. ఒకటి అడగొచ్చా? ఈ లెక్కలతో మాకేం ఒరుగుద్ది? 2023 జులైలో కిలో వంద దాటింది, ఆ తర్వాత రోడ్డు మీద పారబోసిన రోజులూ ఉన్నాయి. నాలుగు రోజులు నిలవుండే కాయ ఇస్తే చాలు మాకు. ఇంకొకటి, ఇప్పటి కాయలకి మా చిన్నప్పటి రుచి లేదు. భుజాల దగ్గర పచ్చగా ఉండే కాయలుండేవి, అవి తింటే టమాట తిన్నట్టుండేది.

ఆవకాయ ఇన్ అయోవా (గురువారం, రాత్రి 7:55)

అన్నా, మీరడిగిన రెండింటికీ జవాబు ఈ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలోనే ఉంది. వరసగా చెప్తా.

నిలవ సంగతి. 1968లో పండని టమాట మొక్క ఒకటుందని రాశారు. కాయ పెరుగుతుంది, కానీ ఎర్రబడదు, మెత్తబడదు, నెలల తరబడి పసుప్పచ్చగా అలాగే ఉంటుంది. దానికి రిన్ అని పేరు. 2002లో తేలింది, కారణం మ్యాడ్స్ కుటుంబంలోని ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అని. అలాంటి మొక్కను మంచి రకంతో సంకరం చేస్తే వచ్చే హైబ్రిడ్‌కి ఒక పక్కనుంచి రిన్, ఇంకో పక్కనుంచి మామూలు జన్యువు వస్తాయి. కాయ పండుతుంది, కానీ నెమ్మదిగా. దూరం వెళ్లే, ఎక్కువ రోజులు నిలవుండే హైబ్రిడ్లు చాలావాటి వెనక ఉన్నది ఇదే. రంగు, రుచి కాస్త తగ్గుతాయని ఫిర్యాదు కూడా ఉంది.

రుచి సంగతి. భుజాల పచ్చదనానికి కారణం జీఎల్‌కే2 అనే ఇంకో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. కాయ పచ్చిగా ఉన్నప్పుడే అందులో పత్రహరితాన్ని పెంచి, కాయ తనంతట తను కొంత చక్కెర తయారుచేసుకునేలా చేస్తుంది. కాయంతా ఒకే రంగులో ఉంటే ఎప్పుడు కొయ్యాలో తెలుస్తుందని, చూడ్డానికి బాగుంటుందని బ్రీడర్లు దశాబ్దాల పాటు పచ్చ భుజాలు లేనివాటినే ఎంచుకున్నారు. 2012లో చూస్తే, ఆ ఎంచుకున్నవాటిలో ఈ జన్యువు విరిగిపోయి ఉంది. ఒకే ఒక్క అక్షరం ఎక్కువ పడి ప్రోటీన్ మధ్యలో ఆగిపోతుంది. చక్కెర తగ్గడం అక్కడినుంచే. మీ నాలుక అబద్ధం చెప్పలేదు.

మొలకధాన్యం, నీక్కూడా ఇందులో ఒక మాట ఉంది. జీనోమ్ చదివింది ఏ రకాన్నో ఆ రకంలోనే జన్యువు విరిగి ఉంటే, నీ హమ్మర్‌కి అది పొట్టిగానే కనబడుతుంది. పంట మొత్తంలో ఆ జన్యువు పాడైందని కాదు, ఆ ఒక్క రకంలో పాడైందని. పాత రకాలు, అడవి జాతులు కూడా చూడాలి అనేది అందుకే.

టమాటబుట్ట (గురువారం, రాత్రి 8:20)

మంచిదమ్మా. మా నాన్న ఉంటే చూపించేవాణ్ని, ఆయన "అంతా మందుల వల్ల" అనేవాడు.

వట్టివేరు (గురువారం, రాత్రి 9:03)

రిన్ కథ సగం దగ్గర ఆపారు అయోవా గారూ. మిగతా సగమే నాకిష్టం. రిన్ పనిచెయ్యకపోవడం వల్ల కాయ పండట్లేదని, అంటే పండటానికి రిన్ తప్పనిసరని, పాఠాల్లో ఏళ్ల తరబడి చెప్పారు. 2017లో జపాన్ వాళ్లు క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో రిన్‌ను పూర్తిగా చెడగొట్టి చూశారు. కాయలు పండటం మొదలుపెట్టాయి, పూర్తిగా కాకపోయినా రంగు తిరిగాయి. అంటే పాత మొక్కలో జరిగింది వేరు. అక్కడ డీఎన్‌ఏ ముక్క ఒకటి ఎగిరిపోయి రిన్, దాని పక్కనున్న ఎంసీ అనే ఇంకో మ్యాడ్స్ జన్యువు అతుక్కుపోయాయి. ఆ అతుకుడు ప్రోటీన్ ఊరుకోకుండా పండే జన్యువుల్ని అణిచిపెడుతోంది. లేని మనిషి వల్ల ఆగింది కాదు, అడ్డం పడుకున్న మనిషి వల్ల ఆగింది. ఆ మొక్కలకు పూరేకుల కింది ఆకులు పెద్దవిగా ఉండటానికి కారణం కూడా ఎంసీ పోవడమే. ముప్పై నలభై ఏళ్లు అందరి కళ్లముందే ఉన్న ఆనవాలు.

నేను హీట్‌మ్యాప్‌ల మీద విసుక్కునేది అందుకే. అంత బాగా తెలిసిన జన్యువు విషయంలోనే అలా పొరబడ్డాం.

నిర్వాహకుడు (గురువారం, రాత్రి 9:30)

చర్చ బాగుంది, విడదీయట్లేదు. టమాట ధరల మీద వచ్చిన మూడు వ్యాఖ్యలు మాత్రం మార్కెట్ విభాగానికి మార్చాను.

సందేహాల సుబ్బు (శుక్రవారం, ఉదయం 10:12)

మళ్లీ నేనే. నెట్‌లో వెతికితే అరాబిడాప్సిస్ అనే, ప్రయోగాలకు వాడే చిన్న మొక్కలో వర్కీ52కి ఇంకో పేరు ఆర్‌ఆర్‌ఎస్1 అని, అది తెగుళ్లను గుర్తించే రెసిస్టెన్స్ ప్రోటీన్ అని ఉంది. మరి అది ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరా, రెసిస్టెన్స్ ప్రోటీనా? ఏ కుటుంబంలో వేస్తారు?

పాతనోటుబుక్కు (శుక్రవారం, ఉదయం 11:05)

సుబ్బూ, నువ్వు ఎమ్మెస్సీకి వస్తే నీ గైడ్‌కి నిద్ర ఉండదు.

టమాట, వంకాయల్ని నిలువునా వడలగొట్టే బాక్టీరియా ఎండు తెగులు తెలుసుగా, రాల్‌స్టోనియా. ఆ బాక్టీరియా మొక్క కణంలోకి ఒక ప్రోటీన్‌ను పంపి వర్కీ డొమైన్లను పాడుచేసి రక్షణ జన్యువుల్ని ఆపాలని చూస్తుంది. ఆర్‌ఆర్‌ఎస్1 ఏం చేసిందంటే, తన తోకకు ఒక వర్కీ డొమైన్ తగిలించుకుని ఎరగా పెట్టుకుంది. శత్రువు దాన్ని ముట్టుకోగానే గంట మోగుతుంది. 2015లో ఇది స్పష్టంగా తేలింది. ఇంటిపేరు వర్కీదే, ఉద్యోగం కాపలాదారుది. దత్తు వెళ్లిన పిల్లవాణ్ని ఏ ఇంట్లో లెక్కేస్తారు? అరాబిడాప్సిస్‌లో వర్కీలు 72 అని ఒకరు, 74 అని ఒకరు రాయడానికి ఇలాంటి హద్దు మీది సభ్యులూ ఒక కారణం. నేనైతే జాబితాలో ఉంచి, పక్కన అసలు సంగతి రాస్తాను.

మొలకధాన్యం (ఆదివారం, సాయంత్రం 5:36)

ఆలస్యానికి సారీ. బుధవారం సార్ ఊళ్లో లేరు, నిన్న చూపించా. ఈలోగా మీరు చెప్పినవన్నీ చేశా.

ఎక్కువ వచ్చినవాటిని ఒక్కొక్కటీ జేబ్రౌజ్‌లో తెరిచా. రెండు మరీ పొట్టివి, ఏడక్షరాలే లేవు. స్కోరు అంచు మీద వచ్చాయి, కట్-జీఏతో వాటంతట అవే పోయాయి. ఒకదానికి అయోవా అక్క చెప్పినట్టే వేలు లేదు. పక్కన వెతికితే నిజంగానే ఉంది! ఆర్‌ఎన్‌ఏ రీడ్‌లు ఈ ఎక్సాన్ నుంచి ఆ ఎక్సాన్‌కి గెంతుతూ కనబడ్డాయి. రాత్రి ఒంటిగంటకు హాస్టల్లో అరిచేశా, పక్క రూమ్ వాళ్లు తలుపు కొట్టారు.

ఇంకోటి రెండు డొమైన్లది. మొదటి గ్రూపులో వేసేశాను. తీరా చూస్తే రెండు వేళ్లలోనూ చివర సిస్టీనే, రెండు డొమైన్లలోనూ ఇంట్రాన్. మధ్యలో పెద్ద ఖాళీ, ఒక్క రీడ్ కూడా దాన్ని దాటట్లేదు. ఒకే దుప్పటి కింద ఇద్దరు. అంటే నా లెక్క ఒకచోట తగ్గి ఇంకోచోట పెరిగింది.

సార్ పట్టిక చూసి ఐదు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "81 అని నేనన్నానా?" అన్నారు. అన్నారు సార్ అనలేక నవ్వా. ఇప్పుడు వీటిలో మూడో గ్రూపువి నాలుగు తీసుకుని, ఎండు తెగులు పెట్టిన మొక్కల వేర్లలో క్యూపీసీఆర్ (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) చెయ్యమన్నారు. చెయ్యి తడవని పని అయిపోయింది, ఇక తడవాల్సిందే.

కిట్టు అన్నా, ఒక చిన్న డౌట్. దుప్పటి కింది ఇద్దరికీ సోలిక్ నంబర్ ఒక్కటే ఉంది. విడదీశాక వీటిని ఏమని రాయాలి?

కమాండ్‌లైన్ కిట్టు (ఆదివారం, సాయంత్రం 6:01)

సొంతంగా కొత్త సోలిక్ నంబర్ మాత్రం పుట్టించకు, రేపు నిజంగా ఆ నంబర్ ఎవరికైనా ఇస్తే గొడవ. పాత నంబరే రాసి చివర ఏ, బీ అని తగిలించు. పక్కన క్రోమోజోమ్ మీద ఎక్కడినుంచి ఎక్కడిదాకానో, జీనోమ్ కూర్పు (అసెంబ్లీ) ఏ వెర్షన్‌లోనో రాయి. ప్రైమర్లు (క్యూపీసీఆర్‌లో జన్యువును పట్టుకునే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) వేసేటప్పుడు ఆ రెండూ ఒకదానికొకటి ఎంత పోలి ఉన్నాయో ముందు చూసుకో, లేకపోతే క్యూపీసీఆర్‌లో ఇద్దరూ కలిసి ఒకే గొంతుతో పలుకుతారు. వరుసలు ఇక్కడ పెట్టు, రాత్రి భోంచేశాక చూస్తా.